రాయగడ కొండల్లో ఏ టైరు ఎక్కడ నిలబడింది: కొన్నేళ్ళ వాడకం తర్వాత

ఒడిశాలోని రాయగడలో ఉంటాను. ఊరూరా తిరిగి సోలార్ నీటి పంపులు బాగుచేయడం నా పని. అందుకు వాడే బండి 200 సీసీది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. వెనక సీటు మీద పనిముట్ల సంచి, వైరు చుట్ట, ఒక్కోసారి మోటారు కూడా ఉంటాయి. వారమంతా కల్యాణసింగ్‌పూర్, బిస్సం కటక్, కాశీపూర్, నారాయణపట్నం వైపు కొండ గ్రామాలు. ఆదివారం ఖాళీ దొరికితే అదే బండి మీద సరదాకి సెమిలిగుడ దాటి దేవమాలి కొండ దాకా. రెండు రకాల ప్రయాణాలకూ ఒకే జత టైర్లు సరిపోవాలి. ఇంట్లో ఇంకో జత పెట్టుకునే స్తోమత లేదు, ప్రతి శనివారం టైర్లు విప్పి మార్చే ఓపిక అంతకన్నా లేదు. ఇలాంటి వాడకంలో మూడు రకాల టైర్లను అరిగేదాకా నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తాను: ఎక్కువ డబ్బు ముందు టైరు మీద పెట్టండి. మా ప్రాంతంలో అందరూ చేసేది దీనికి తలకిందులు.

సంతలకు సరుకు మోసే 100 సీసీ బండ్లను ఒకసారి గమనించండి. ముందు గీతల టైరు, వెనక బటన్ టైరు, అంటే విడివిడిగా ఎత్తైన రబ్బరు దిమ్మెలున్నది. 2.75-18 కొలతలో వెనకకు బటన్ టైరు దొరకడం సులువు, ధర కూడా తక్కువ. బియ్యం బస్తా వేసుకుని కొండ ఎక్కేటప్పుడు వెనక చక్రం ఊరికే తిరగకుండా నేలను పట్టుకోవాలి కాబట్టి అలా వేయిస్తారు. వాళ్ళ లెక్కలో తప్పు లేదు. నెమ్మదిగా వెళ్తారు, కాళ్ళు రెండూ కిందికి దించుకుని దిగుతారు. అదే ఏర్పాటుతో నలభై, యాభై వేగంలో ఎర్ర కంకర వాలు దిగాలనుకుంటే మాత్రం ఇబ్బంది. వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, మనకు కబురు అందుతుంది, సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. ముందు చక్రం పక్కకు జారితే ఆ కబురు అందేలోపే మోచెయ్యి నేలను తాకుతుంది. పైగా దిగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. బ్రేకు పని, తిప్పే పని రెండూ ఆ సన్నటి చక్రమే చేయాలి. ఇంజను ఎంత శక్తి గలదైనా దిగుడులో అది కొనిపెట్టేది ఏమీ లేదు.

టైర్ల గురించి చెప్పేముందు నేల గురించి చెప్పాలి. మా వైపు ఒక్క రోజు ప్రయాణంలోనే నాలుగైదు రకాల నేల తగులుతుంది. వేసవిలో గట్టిబడిన ఎర్రమట్టి రోడ్డు, దాని మీద చెదిరిన చిన్న చిన్న రాళ్ళు. కొండవాగుల దగ్గర గుండ్రాళ్ళు. గుణుపూర్ వైపు వంశధార ఒడ్డున ఇసుక. టికిరి పక్కన బాక్సైటు లారీలు తిరిగే దారిలో మెత్తటి దుమ్ము. దాని మీద నీళ్ళు చల్లితే పైన సన్నటి జారుడు పొర తయారవుతుంది. ఇక జూన్ నుంచి అక్టోబరు దాకా లోయల్లో పొలాల పక్క దారులన్నీ బంకమట్టి. అది గారెల పిండిలా అంటుకుంటుంది, దులిపినా రాలదు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టే నేల ఊరి నడిమధ్య ఉంటుంది. సిమెంటు రోడ్డు. పంపు దగ్గర కారిన నీళ్ళు పారి పారి అంచున పాచి పట్టి ఉంటుంది. కొండంతా క్షేమంగా దిగివచ్చి పంపు ముందు, పిల్లలందరూ చూస్తుండగా పడటం ఎంత అవమానమో పడినవారికి తెలుసు. బటన్ టైరుకి అక్కడ పట్టు ఇంకా తక్కువ, ఎందుకంటే నేలను తాకే రబ్బరు వైశాల్యమే తక్కువ. దీనికి టైరులో మందు లేదు. బాగా నెమ్మదిగా, బ్రేకు ముట్టకుండా దాటడమే.

ఇప్పుడు టైర్ల రకాలు. అమ్మేవాళ్ళు 80-20 అనీ, 50-50 అనీ చెబుతుంటారు. మొదటి అంకె తారు రోడ్డు వాటా, రెండోది మట్టి వాటా అని సాధారణంగా అర్థం. ఇవి కంపెనీలు తమ సరుకుకు తామే ఇచ్చుకునే మార్కులు. ప్రయోగశాలలో కొలిచి వేసిన ముద్రలు కావు. ఒకరి 50-50 ఇంకొకరి 70-30 కావచ్చు. కాబట్టి అంకెను వదిలేసి బటన్ల మధ్య సందు చూడండి. నేను చూపుడు వేలు పెట్టి చూస్తాను. వేలు అడుగుదాకా సులువుగా దిగితే బురద టైరు. కొన దగ్గరే ఆగిపోతే తారు టైరు. కాంటినెంటల్ టీకేసీ 80, మిటాస్ ఈ-07 అనే టైర్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసినా ఇది తెలుస్తుంది: మొదటిదానిలో బటన్లు విడివిడిగా నిలబడి ఉంటాయి, రెండోదానిలో వెడల్పాటి దిమ్మెలు దగ్గర దగ్గరగా ఉంటాయి.

సందుకు అంత విలువ ఎందుకంటే, బంకమట్టిలో టైరు తనను తాను శుభ్రం చేసుకోవాలి. చక్రం తిరుగుతున్నప్పుడు బటన్ల మధ్య ఇరుక్కున్న మట్టి విసురుకు ఊడి బయట పడాలి. సందు ఇరుకైతే మట్టి కూరుకుపోయి టైరు చుట్టూ నున్నటి ఎర్రటి పట్టీ ఏర్పడుతుంది. అప్పుడు మీరు ఎంత ఖరీదైన టైరు కొన్నా నడిపేది మట్టి టైరు మీదే. ముందు మడ్‌గార్డు టైరుకు బాగా దగ్గరగా ఉన్న బండికి ఇంకో చిక్కు: ఊడిన మట్టి అక్కడ చేరి చక్రాన్నే బిగించేస్తుంది. నారాయణపట్నం దారిలో కర్రపుల్లతో గీకుతూ కూర్చునేవారు వానాకాలంలో రోజూ కనిపిస్తారు.

చాలామంది గమనించని విషయం రబ్బరు గట్టిదనం. మెత్తటి నేలకు చేసిన టైరులో బటన్లు పొడుగ్గా, దూరదూరంగా, గట్టి రబ్బరుతో ఉంటాయి. మట్టిలోకి దిగబడి తోయాలి కదా. గట్టి నేలకు, రాళ్ళకు చేసిన దానిలో బటన్లు పొట్టిగా, దగ్గరగా, మెత్తటి రబ్బరుతో ఉంటాయి. రాయి ఆకారానికి ఒదిగి పట్టుకోవాలి. అందుకే బురదలో అద్భుతంగా నడిచిన టైరు తడి బండరాయి మీద చేతులెత్తేస్తుంది. నేల మెత్తగా ఉంటే గట్టి రబ్బరు, నేల గట్టిగా ఉంటే మెత్తటి రబ్బరు. దుకాణంలో ఈ మాట చెప్పేవారు అరుదు. గోరుతో నొక్కి చూస్తే కొంతవరకు మనకే తెలుస్తుంది.

నా మొదటి అనుభవం 80-20 రకంతో. తారు రోడ్డు మీద వంక పెట్టడానికి లేదు. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్ళే ఘాట్ మలుపుల్లో బండి నమ్మకంగా వాలేది, శబ్దం లేదు, నెమ్మదిగా అరిగేది. ఎండాకాలం ఎర్రమట్టి రోడ్డు మీద కూడా గాలి కాస్త తగ్గిస్తే బాగానే నడిచింది. మొదటి వాన పడగానే కథ మారింది. బరువుతో దిగుతున్నప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తన దారిన తాను పోయేది. వానాకాలంలో పని మానుకునేవారికి, లేదా కొండ ఊళ్ళకు వెళ్ళనివారికి ఇంతకంటే ఏదీ అక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది: బటన్ టైర్లు వేయించుకున్న బండ్లలో సగం ఏనాడూ మట్టి తొక్కవు.

తర్వాత ముందూ వెనకా పూర్తి బటన్ టైర్లు వేయించాను. వానాకాలం నాలుగు నెలలూ రాజాలా తిరిగాను. కాశీపూర్ పక్క ఊళ్ళలో ట్రాక్టరు చాళ్ళు పడిన దారి ఉంటుంది. ఆ చాళ్ళ అంచు ఎక్కి బయట పడటం 80-20 ముందు టైరుతో దాదాపు అసాధ్యం, పక్క బటన్లున్న దానితో అంచు కొరికి ఎక్కేస్తుంది. ముందు టైరుకి అంచున ఉండే బటన్ల వరుసే అసలు సరుకు. మధ్య బటన్లు బ్రేకుకు, అంచు బటన్లు మలుపుకు. కొనేటప్పుడు అంచు వరుస మధ్య వరుసతో ఎత్తులో సమానంగా ఉందో లేదో చూడండి.

వానలు వెళ్ళాక ఆ జత ఖరీదు తెలియడం మొదలైంది. తారు రోడ్డు మీద హోరు. అరవై దాటితే హెల్మెట్ లోపల అదొక్కటే వినిపిస్తుంది. లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు తగ్గింది. మలుపులో బటన్లు వంగి బండి ఒక క్షణం పక్కకు నడిచినట్టు అనిపిస్తుంది. అలవాటయ్యేదాకా గుండె గొంతులోకి వస్తుంది. కోరాపుట్ వైపు చలికాలం ఉదయం మంచుకు తడిసిన తారు మీద దాన్ని నమ్మలేం. అన్నిటికంటే పెద్ద దెబ్బ వెనక టైరు ఆయుష్షు. ఐదు వేల కిలోమీటర్లకు అటూ ఇటూగా మధ్య బటన్లు సగానికి పడిపోయాయి. ముందు టైరు మాత్రం ఇంకా పనికొచ్చేలాగే ఉంది.

అరిగిన తీరు కూడా చూడదగ్గది. వెనక బటన్‌ను వేలితో తడిమితే నేలను ముందుగా తాకే అంచు గుండ్రంగా, వెనక అంచు ఇంకా వాడిగా తగులుతుంది. తోపు దెబ్బ అంతా మొదటి అంచు మీదే పడుతుంది కాబట్టి అలా అవుతుంది. మోటోక్రాస్ (మట్టి దారి బైకు పందేలు) ఆడేవారు ఇలాంటి టైరును విప్పి తిరగేసి ఎక్కించి వాడి అంచును ముందుకు తెచ్చుకుంటారు. టైరు మీద తిరిగే దిశను చూపే బాణం గుర్తు లేకపోతేనే ఈ పని చేయాలి. బటన్ మొదట్లో సన్నటి చీలిక కనిపిస్తే మటుకు తిరగేయడం వృథా. పదునైన రాళ్ళ మీద అక్కడి నుంచే బటన్ మొత్తంగా ఊడిపోతుంది.

మూడోది 50-50 జత. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అన్నిచోట్లా నడిచింది, ఎక్కడా మురిపించలేదు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే కొనమంటాను.

ఇప్పుడు నడుపుతున్నది కలగలుపు: ముందు పూర్తి బటన్ టైరు, వెనక 50-50. బాగా వాడాక చెబుతున్నాను, నా పనికి ఇంతకంటే కుదిరినది లేదు. ముందు చక్రానికి ఇంజను తోపు ఉండదు కాబట్టి బటన్ టైరు అయినా నిదానంగా అరుగుతుంది. నా లెక్కలో ఒక ముందు టైరు రెండు వెనక టైర్లను సాగనంపుతోంది. వెనక 50-50 కావడం వల్ల తారు మీద హోరు తగ్గింది, టైరు పది వేల దగ్గరకు వస్తోంది. బంకమట్టి ఎక్కుడులో వెనక చక్రం అప్పుడప్పుడు ఊరికే తిరుగుతుంది, నిజమే. అప్పుడు క్లచ్ కాస్త నొక్కి, గేరు ఒకటి పెంచి నెమ్మదిగా లాగించాలి. అదీ కుదరకపోతే దిగి తోయాలి. ఎక్కలేకపోతే ఆలస్యం అవుతుంది, అంతే. దిగేటప్పుడు జారితే వచ్చే నష్టం వేరు. ఒక్క షరతు: రెండు టైర్ల స్వభావం మరీ దూరంగా ఉండకూడదు. ముందు బురద టైరు వేసి వెనక నున్నటి తారు టైరు వేస్తే తడి తారు మలుపులో ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా ప్రవర్తిస్తాయి.

గాలి సంగతి. మంచి టైరులో తప్పు గాలి కంటే మామూలు టైరులో సరైన గాలి మేలు. తారు మీద బండి పుస్తకంలో రాసినంతే ఉంచుతాను. మట్టి రోడ్డు మొదలైన చోట ఆగి ముందు 20, వెనక బరువు ఉంటే 24 పీఎస్‌ఐ దాకా దించుతాను. గాలి తగ్గితే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, చిన్న రాళ్ళను మింగుతుంది, భుజాల నొప్పి తగ్గుతుంది. వంశధార ఇసుకలో ఇంకా దించవచ్చు. కానీ మాది ట్యూబు టైరు అని మరచిపోకూడదు. 15కి దించి గుండ్రాళ్ళ మీద దూకిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. విప్పి చూసినప్పుడు ఆ జంట గాట్లు కనిపిస్తే ముల్లును తిట్టకండి, గాలిని చూసుకోండి. ఇంకో ప్రమాదం టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరగడం. దానితో పాటు ట్యూబు కూడా జరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది. వాల్వు ఏటవాలుగా వంగి కనిపించిందంటే అదే జరుగుతోందని అర్థం. బాగా తక్కువ గాలితో నడిపేవారు టైరును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ లాక్ బిగించుకోవాలి. గాలి ఎప్పుడూ ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచిన టైరు వేడెక్కి ఎక్కువ అంకె చూపిస్తుంది. సంతలో గాలి కొట్టే మీటరును నమ్మడం కంటే జేబులో పట్టే సొంత మీటరు కొనుక్కోవడం మంచిది.

నడిపే తీరును బట్టి కూడా లెక్క మారుతుంది. జయపురంలో ఉండే మా బావది రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బండి. ముందు 90/90-21, వెనక 120/90-17. సాలూరు మీదుగా విశాఖపట్నం వెళ్ళిరావడం ఆయన ప్రధాన వాడకం, తారు ఘాట్ రోడ్లు తప్ప మట్టి కొండదారి అంటూ లేదు. చూడటానికి బాగుంటాయని బటన్ టైర్లు వేయించుకుని, "శబ్దం తప్ప ఏమీ రావడం లేదు బావా" అని నాతో మొరపెట్టుకున్నాడు. బరువైన బండి, ఎక్కువ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం), ఎక్కువ తారు. వెనక బటన్లను ఇవి మూడూ కలిసి నమిలేస్తాయి. ఆయనకు 80-20 చాలు. నిలబడి నడుపుతూ, కాళ్ళతో బండిని అదిమి తిప్పేవారికి ముందు అంచు బటన్లు పూర్తిగా ఉపయోగపడతాయి. ఎప్పుడూ కూర్చునే నడిపేవారికి కాస్త మెత్తటి సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఉన్నది నడుముకు హాయి. ఆపకుండా వెనక చక్రం తిప్పుతూ మట్టి ఎగజిమ్మడమే సరదా అనుకునేవారికి ఏ టైరైనా ఒకటే, త్వరగా అయిపోతుంది. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అన్నిటికంటే పెద్ద శిఖరం. అక్కడి గడ్డి వాలును చక్రాలతో తవ్వి వీడియో తీసుకునే వారితో నాకు అసలు పడదు.

కొనే రోజు టైరు పక్కన రాసింది చదవండి. 90/90-21 అంటే వెడల్పు 90 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 21 అంగుళాలు. పక్కనే 54ఎస్ లాంటిది ఉంటుంది: 54 అంటే టైరు మోయగల గరిష్ఠ బరువు 212 కిలోలు, ఎస్ అంటే గరిష్ఠ వేగం గంటకు 180 కిలోమీటర్లు. వెనక టైరు మీద 62 ఉంటే 265 కిలోలు. నాలాగా మోటార్లు మోసేవారు ఆ అంకె తగ్గకుండా చూసుకోవాలి. వేగం అక్షరం బటన్ టైర్లకు తక్కువ ఉంటుంది, పీ అంటే 150. మన ఘాట్లలో అది సమస్యే కాదు. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి, 2423 అంటే 2023లో 24వ వారం తయారీ. తగ్గింపు ధర అని ఊరించిన చోట ముందు ఆ అంకె చూడండి. బండికి రాసినదానికంటే వెడల్పాటి టైరు జోలికి వెళ్ళకండి. సన్నటి రిమ్ము దాన్ని నొక్కి మధ్యలో ఉబ్బెత్తు చేస్తుంది, అంచు బటన్లు నేలకు అందవు, చైను గార్డుకు రాసుకునే ప్రమాదం కూడా ఉంది. వేయించాక మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు నిదానంగా వెళ్ళాలి, కొత్త రబ్బరు పైపొర జారుతుంది. మా ఊళ్ళో చాలామంది కొత్త బండి తీసుకోగానే మజ్జిగౌరి గుడికి వెళ్తారు. అక్కడికి వెళ్ళిరావడంతోనే అందులో కొంత పూర్తవుతుంది.

పంక్చర్ల గురించి. మా అడవుల్లో తుమ్మ ముల్లు కంటే వెదురు మోడు ప్రమాదం. కత్తితో ఏటవాలుగా నరికిన మోడు నేల మీద రెండు మూడు అంగుళాలు నిలబడి ఉంటుంది, ఆకుల కింద కనిపించదు. బటన్ల మీద తగిలితే చాలాసార్లు ఏమీ కాదు, సైడ్‌వాల్‌లో దిగితే టైరే పోతుంది. కాలిదారుల్లో పక్కకు తప్పుకోవడం మానేసి నడిచిన జాడలోనే చక్రం పెట్టడం నేర్చుకున్నాను. బుధవారం చటికొన సంతలో అయినా, శుక్రవారం కుందులి సంతలో అయినా పంక్చర్ వేసేవారి దగ్గర 17, 18 అంగుళాల ట్యూబులు దొరుకుతాయి, 21 దొరకదు. అందుకని నా సంచిలో 21 అంగుళాల ట్యూబు ఒక్కటే ఉంటుంది. వెనక 18 చక్రానికి కూడా దాన్ని అత్యవసరానికి మడత పడకుండా సర్ది, కొద్దిగా గాలి నింపి చూసి, మెల్లగా ఊరు చేరవచ్చు. 18 ట్యూబును 21కి సాగదీయడం ప్రమాదం. దానితో పాటు రెండు టైరు లీవర్లు, యాక్సిల్ పానా, కాస్త టాల్కం పౌడరు, కాలితో తొక్కే చిన్న పంపు. గట్టి సైడ్‌వాల్ ఉన్న టైరును విప్పేటప్పుడు రిమ్ములోంచి ఊడిరాక చెమటలు పట్టిస్తుంది. సబ్బు నీళ్ళు లేనిచోట వాగు నీళ్ళలో తడిపిన పచ్చి ఆకులు నలిపి రాస్తే కొంత జారుతుంది.